పాత స్టీరియోకి బ్లూటూత్ రిసీవరా, ఆక్స్ కేబులా?

ఫోన్‌లోని పాటల్ని పాత స్టీరియోలో వినాలంటే ఈ రెండు దారులున్నాయి. ఆక్స్ కేబుల్ అంటే ఫోన్‌ని స్టీరియోకి నేరుగా కలిపే వైరు. దాంతో చార్జింగ్, పెయిరింగ్ గొడవ ఉండదు. వీడియో చూస్తున్నా మాట ఆలస్యంగా రాదు. కానీ ఫోన్‌ని స్టీరియో పక్కనే వదిలేయాలి. పైగా ఇప్పటి చాలా ఫోన్లలో ఆ వైరు పెట్టే 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాకే లేదు.

బ్లూటూత్ రిసీవర్ అంటే ఫోన్ నుంచి పాటని వైరు లేకుండా అందుకునే చిన్న పెట్టె. దాన్ని కూడా స్టీరియో వెనక ఎరుపు, తెలుపు పిన్నులతోనే కలపాలి. ఆక్స్ లేదా సీడీ అని రాసి ఉన్న చోటే పెట్టండి. ఫోనో అన్నది రికార్డ్ ప్లేయర్ కోసం. అందులో పెడితే పాట పగిలిపోయి వినిపిస్తుంది. ఇక ఫోన్ చేతిలో పట్టుకుని దాదాపు 10 మీటర్ల దాకా హాయిగా తిరగొచ్చు, గోడలు అడ్డొస్తే ఆ దూరం తగ్గుతుంది. బ్లూటూత్ పాటని కుదించి పంపుతుంది, నిజమే. అయినా పని చేసుకుంటూ వినేటప్పుడు ఆ తేడా చెవికి అందడం కష్టం.

రోజూ వినేవాళ్లకి నా ఓటు రిసీవర్‌కే. ఫోన్ వాల్యూమ్ ఫుల్‌కి దగ్గరగా ఉంచి, స్టీరియో నాబ్‌తో సర్దుకోండి.