పశ్చిమ కనుమల్లో కాలినడక: ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగిపోవాలి

పెరియార్ పులుల అభయారణ్యంలో నడిచిన తెలుగువారు లక్షల్లో ఉంటారు. శబరిమల ఆ అడవిలోనే ఉంది కదా! ఎరుమేలి నుంచి పెద్దపాదం దారి పట్టి, అళుదా నది దాటి, కరిమల ఎక్కి దిగిన ప్రతి స్వామీ దట్టమైన కీకారణ్యాన్ని కాలినడకన దాటినవాడే. కాకపోతే తలమీద ఇరుముడి, నోట శరణుఘోష ఉన్నప్పుడు చెట్టుమీది పిట్టను ఎవరు చూస్తారు? మా బావ గురుస్వామి. ఆ కొండలు ఆయనకు కొట్టిన పిండి. ఎప్పుడైనా హార్న్‌బిల్ పక్షిని చూశావా బావా అంటే, "అక్కడికి వెళ్లేది స్వామిని చూడటానికి" అన్నారు. అందుకే ఈసారి మాల లేని రోజుల్లో, అడవి కోసమే ఆయన్ను బయలుదేరదీశాను.

గుజరాత్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 1600 కిలోమీటర్లు సాగే ఈ కనుమల్లో 39 చోట్లను కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నీ తిరగడం అయ్యే పని కాదు. మేం పెరియార్ అభయారణ్యంలోని తేక్కడి, కేరళలోనే ఉన్న మున్నార్, పరంబికుళం, తమిళనాడులోని వాల్పారై చూశాం. అందరూ మొదట చెప్పే చోటే అన్నిటికంటే గొప్పదేమీ కాదని నాకు తేలింది.

తేక్కడికి మన వైపు నుంచి దారి సులువే. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయంలో దిగితే కుమిలికి బస్సులున్నాయి. కుమిలి ఊరు, తేక్కడి అడవి; గదులు ఎక్కువగా ఊళ్లోనే దొరుకుతాయి. ఒక హోమ్‌స్టే ఫోటోల్లో "అడవి కనిపించే గది" అని ఉంది. కిటికీ తెరిస్తే టూరిస్టు బస్సులు నిలిపే స్థలం, దాని వెనక ఒక టేకు చెట్టు. ఆ ఒక్క చెట్టునే అడవి అనుకోమన్నారేమో. గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ పొద్దున్నే పెట్టిన పుట్టు, శనగల కూర అద్భుతంగా ఉన్నాయి కాబట్టి గొడవ పెట్టుకోలేదు. మీరు మాత్రం గది ఖాయం చేసుకునే ముందు ఫోన్ చేసి, కిటికీలోంచి ఏం కనిపిస్తుందని నేరుగా అడగండి.

తేక్కడి అనగానే అందరూ బోటు అంటారు. 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి తాలూకు చెట్ల మోడులు ఇప్పటికీ నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిమీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటూ కూర్చుంటాయి. ఆ దృశ్యం బాగుంటుంది. అయితే ఒడ్డున ఏనుగు కనబడగానే బోటంతా ఒక్కసారిగా లేచి కేకలు పెడుతుంది. ఏనుగు తన దారిన తాను లోపలికి వెళ్లిపోతుంది. 2009లో ఇక్కడ బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇస్తే మొహమాటం లేకుండా తొడుక్కోండి, కుర్చీలోంచి లేవకండి.

డబ్బు పెట్టవలసింది వెదురు తెప్పల ప్రయాణానికి. పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. పది మందిలోపు బృందం, ముందు వెనక స్థానిక గైడ్లు, తుపాకీతో ఒక అటవీ ఉద్యోగి. కొంతదూరం నడక, ఆపైన తెప్ప, మళ్లీ నడక. ఇక్కడి గైడ్లలో ఒకప్పుడు దొంగతనంగా దాల్చినచెట్ల బెరడు ఒలుచుకుపోయినవారు, వేటాడినవారు ఉన్నారు. 1990లలో అటవీశాఖ వారిని పట్టి జైల్లో పెట్టే బదులు అడవి కాపలాకు, యాత్రికులకు దారి చూపడానికి పెట్టుకుంది. దొంగదారులన్నీ తెలిసినవాడికంటే మంచి కాపలాదారు ఎవరు? మా గైడు నడుస్తూనే ఆగి, నేలమీద తడి మట్టిని వేలితో తాకి, "రేచుకుక్క, ఇప్పుడే" అన్నట్టు సైగ చేశాడు. మాకు మట్టి తప్ప ఏమీ కనబడలేదు. మలుపు తిరిగితే అవతలి గట్టుమీద రేచుకుక్కల గుంపు ఎర్రగా మెరుస్తూ పరుగెత్తింది. కాస్త తర్వాత నీటిపిల్లుల కుటుంబం చేపను పీక్కు తింటూ కనబడింది. బోటు మీదివారికి ఇవేవీ చిక్కవు.

జలగల సంగతి చెప్పాలి. మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు అక్కడే ఇస్తారు, వాటిమీద పొగాకు పొడి చల్లుతారు. జలగ ఆకు కొసన నిలబడి, ఒళ్లంతా సాగదీసి, గాలిలో అటూ ఇటూ వెతుకుతూ ఉంటుంది. కాలు తగిలిందా, అంతే. పట్టుకుంటే పీకకండి, ఉప్పు వేస్తే రాలిపోతుంది. నొప్పి ఉండదు గానీ రక్తం చాలాసేపు కారుతుంది. వానలు తగ్గాక, డిసెంబరు నుంచి ఈ బాధ తగ్గుతుంది. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా కుమిలి శబరిమల యాత్రికులతో కిటకిటలాడుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

మున్నార్ గురించి ఎక్కువ చెప్పను. తేయాకు తోటలు పచ్చగా ఉంటాయి, రోడ్లు కార్లతో నిండి ఉంటాయి. ఎరవికుళం జాతీయ ఉద్యానంలో టికెట్ కొనుక్కుని వరుసలో నిలబడితే అటవీశాఖ బస్సులో రాజమల దాకా తీసుకెళ్తారు. ఆపైన తారురోడ్డు మీద నడక. దక్షిణాదిలోకెల్లా ఎత్తయిన ఆనముడి శిఖరం, 2695 మీటర్లు, కళ్లెదుటే ఉంటుంది గానీ ఎక్కనివ్వరు. నీలగిరి తార్‌లు, అంటే కొండమేకలు, తమిళనాడు రాష్ట్ర జంతువులే అయినా వాటి అతిపెద్ద మంద ఉన్నది కేరళలోని ఈ కొండమీదే. మనుషులంటే బెదరవు. పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారికి ఇది మంచి చోటే, నడక ప్రియులకు మాత్రం చప్పగా ఉంటుంది. తార్‌లు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూసేస్తారు. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, ఆ ఆగస్టులోనే వరదలొచ్చి చాలామంది ప్రయాణాలు ఆగిపోయాయి. మళ్లీ పూసేది 2030లో. అప్పుడు గదుల ధరలు ఎలా ఉంటాయో నేను ఊహించదలచుకోలేదు.

నా ఓటు పరంబికుళానికి. కేరళలో ఉన్నా అక్కడికి రోడ్డు తమిళనాడు మీదుగానే. పొల్లాచ్చి నుంచి సేతుమడై, టాప్‌స్లిప్ దాటి వెళ్లాలి. రెండు రాష్ట్రాల చెక్‌పోస్టుల్లోనూ రుసుము కట్టాలి. టాప్‌స్లిప్‌లో కాసేపు ఆగండి. బ్రిటిష్ కాలంలో కొట్టిన టేకు దుంగలను ఇక్కడినుంచే కిందికి జార్చేవారు, పేరు అలా వచ్చింది. నరికిన చోటల్లా మళ్లీ టేకు మొలిపించిన అటవీ అధికారి హ్యూగో వుడ్ సమాధి కూడా ఇక్కడే, తను పెంచిన చెట్ల మధ్యే ఉంది.

పరంబికుళంలో బస అంతా అటవీశాఖదే. ఆనప్పాడి దగ్గర గుడారాలు, తూణక్కడవు చెరువు పక్కన చెట్టుమీద గుడిసె వంటివి. భోజనం, వ్యాన్ తిప్పడం, గైడుతో నడక అన్నీ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. ఆన్‌లైన్‌లో ముందే ఖాయం చేసుకోకపోతే గది దొరకదు. హోటల్ సోకులు వెతక్కండి. మా గుడారంలో పక్క దుప్పట్లు ఉతికినవే, స్నానానికి వేడినీళ్లు మాత్రం బ్రతిమాలితే వచ్చాయి. అన్నం ఎర్రటి, లావుపాటి మట్ట బియ్యంతో. బావ మొదటిపూట పెదవి విరిచి, మర్నాడు మారు వడ్డించుకున్నారు. ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. రాత్రి గుడారం బయట దుప్పులు పడుకుని నెమరేస్తుంటే, టార్చి వేసిన ప్రతిసారీ పచ్చటి కళ్ల వరుస.

పొద్దున నడకకు వచ్చిన గైడు కాడర్ తెగవాడు, తమిళం, మలయాళం కలగలిపి మాట్లాడతాడు. ఒకచోట చెయ్యెత్తి అందరినీ ఆపాడు. తలపైన ఉస్సుమని పెద్ద గాలి చప్పుడు. అది రెక్కల మోత. పసుపు ముక్కుమీద టోపీ పెట్టుకున్నట్టున్న పెద్ద హార్న్‌బిల్ వచ్చి ఒక మాను తొర్ర దగ్గర వాలింది. పొదిగే కాలంలో ఆడపక్షి తొర్రలోకి దూరి వాకిలి మూసేసుకుంటుంది, సన్నటి చీలిక మాత్రం ఉంచుతుంది. మగపక్షి గొంతులో దాచిన పండ్లను ఒక్కొక్కటే పైకి తెచ్చి ఆ చీలికలోంచి అందించింది. బావ నోరు మెదపలేదు. "స్వామియే శరణం" అనలేదు గానీ, అనబోయినట్టే ఉంది వాలకం. ఆరు మీటర్లకు పైగా చుట్టుకొలత ఉన్న కన్నిమార టేకును చూపించాకనే మమ్మల్ని వెనక్కి తెచ్చాడు.

ఇలాంటి గైడ్లు మనకు లేక కాదు. నల్లమల చెంచులకు తెలిసినంత అడవి ఇంకెవరికి తెలుసు? పులుల కాపలాకు వారిని పెట్టుకున్నాం కూడా. అయినా మనవాళ్లకు అడవి అంటే ఇంకా జీపు ప్రయాణమే.

వాల్పారైలో ఎరవికుళంలోలా వరుసలో నిలబడే పని లేదు, అదే దాని అందం. ఆళియార్ దగ్గర మొదలయ్యే ఘాట్ రోడ్డు 40 హెయిర్‌పిన్ మలుపులు తిరిగి పైకి చేరుతుంది. తేయాకు తోటల మధ్య అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. పుదుతోట్టం దగ్గర రోడ్డు పక్కనే సింహపు తోక కోతులు, మొహం చుట్టూ నెరిసిన జూలుతో కోపిష్టి తాతల్లా కూర్చుంటాయి. అవి రోడ్డుమీదికి దిగకుండా దాటడానికి చెట్టుకూ చెట్టుకూ మధ్య వంతెనలు వేలాడదీశారు. ఏనుగులు దగ్గర్లో ఉంటే తోటల్లోని వారికి ఫోన్లకు సందేశాలు వస్తాయి, కూడళ్లలో ఎర్ర దీపాలు వెలుగుతాయి. చీకటి పడ్డాక ఇక్కడ నడకలు పెట్టుకోకండి, బస చేసినచోట వద్దన్నారంటే వద్దనే అర్థం.

దిగేటప్పుడు బస్సులో ముందు సీటు పట్టుకోండి, కడుపులో తిప్పదు. సొంత కారైతే తొమ్మిదో మలుపు దగ్గరి లోమ్స్ వ్యూ పాయింటులో ఆపండి. ఎరవికుళంలో వరుసలో నిలబడి చూసిన అవే కొండమేకలు ఇక్కడ తరచూ రోడ్డు గోడమీదికే వచ్చి నిలబడతాయి. బిస్కెట్లు పెట్టకండి.