అదును తప్పిన గరిక: ఫ్రిస్కోలో మా ముంగిలి పని, రెండు వేసవుల తరువాత

టెక్సస్ రాష్ట్రంలో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మేము కట్టించుకున్న ఇంటికి 2022 వేసవిలో గృహప్రవేశం చేశాం. బిల్డరు అప్పగించిన ముంగిలి ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఉన్నట్టే ఉండేది: ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చాపలా పరిచిన బెర్ముడా గడ్డి, కిటికీల కింద ఒక వరుస పొదలు, కాలిబాట పక్కన రెండు లేత చెట్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, పిల్లల సెలవుల్లో నాలుగైదు వారాలు గుంటూరు వెళ్తాం, సరిగ్గా ఆ వారాల్లోనే ఇక్కడ ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటుతుంది. వరుసగా రెండు జూలైలు తిరిగి వచ్చేసరికి గడ్డి సగం మాడిపోయి, నీళ్ల బిల్లు మాత్రం పెరిగిపోయి ఉండడం చూశాక, ముంగిట్లో సుమారు 900 చదరపు అడుగుల పచ్చిక తీయించి, శ్రమా నీళ్లూ తక్కువ కోరే మొక్కలు వేయించాలని నిర్ణయించుకుని, ఆ పనే ప్రత్యేకంగా చేసే ఒక చిన్న సంస్థకు అప్పగించాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు చేసిన మంచిలో గానీ పొరపాటులో గానీ ఇక్కడి చాలా సంస్థల పద్ధతే కనిపిస్తుంది కాబట్టి, ఇలాంటి పని చేయించాలనుకునే తెలుగు కుటుంబాలకు పేరు కంటే పని వివరమే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందుగా, వాళ్ల దగ్గర నన్ను నిజంగా ఆకట్టుకున్నది డిజైనరు మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు. మొక్కల బొమ్మలున్న పుస్తకం తెరవడానికి ముందే ఆమె పారతో రెండుచోట్ల అడుగు లోతు గుంతలు తవ్వి, నీళ్లతో నింపి, అవి ఎంతసేపటికి ఇంకుతాయో చూడమని మాకు చెప్పి, ఈలోగా ఇంటి చుట్టూ నేల వాలు కొలిచారు. మరునాడు ఉదయానికి కూడా ఒక గుంతలో నీళ్లు నిలిచే ఉన్నాయి. మా నేల నల్లరేగడి. డాలస్ చుట్టుపక్కల ఉన్న ఈ నల్లమట్టి మైదానమూ, మా పల్నాటి వైపు పత్తి, మిరప పండే నల్లరేగడీ మట్టి శాస్త్రం ప్రకారం ఒకే వర్గానికి చెందినవి; తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. చేలో ఆ పగుళ్లతో అంత బాధ లేదు. కానీ ఇక్కడి ఇళ్లు కాంక్రీటు పలక మీద కూర్చుంటాయి; ఒక పక్క మట్టి తడిగా ఉండి, ఇంకో పక్క ఎండి కుంచించుకుపోతే పునాది కదిలి గోడలు చీలతాయి.

అందువల్ల ఇక్కడ నీళ్లు తక్కువ పెట్టడమంటే గోడ పక్క నేలను పూర్తిగా ఎండబెట్టడం కాదని ఆమె మాకు ఓపికగా వివరించారు. ఇంటి గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలన్నది ఇక్కడి నిర్మాణ నియమావళి. మా ఇంటికి ఒక పక్క ఆ వాలు లేదని ఆమె పట్టుకున్నారు. ఇటుక గోడ అడుగు వరుసలో తేమ బయటికి పోవడానికి వదిలే చిన్న సందులు మట్టితో మూసుకుపోయి ఉండడం కూడా ఆమే చూపించారు. మొక్కలకు ముందు ఆ వాలు సరిచేసి, పునాది వెంట రెండడుగుల దూరంలో డ్రిప్ గొట్టం వేశారు. ఈ ఒక్క పనికే నేను వాళ్లకు పూర్తి మార్కులు వేస్తాను. ముంగిలి అందంగా ఉండాలని వచ్చినవాళ్లు ఇంటి పునాదిని గమనించడం మామూలు విషయం కాదు. అంతకు ముందు మేము పిలిచిన ఇద్దరు నేల వైపు చూడనే లేదు, నేరుగా ఎన్ని టన్నుల గులకరాళ్లు కావాలో లెక్క వేశారు.

మొక్కల ఎంపిక కూడా మెచ్చుకోదగ్గదే. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. ఆ చలికి ఈ ప్రాంతంలో పిట్టోస్పోరమ్, ఇండియన్ హాథార్న్ పొదలు వీధులకు వీధులు చనిపోయాయి. అదే ఊరు 2011లో 71 రోజులు వంద డిగ్రీలు, ఆ పైన ఎండ చూసింది. ఈ రెండు చివరలనూ తట్టుకునే మొక్కలే పెట్టాలని ఆమె పట్టుబట్టి, మేము నర్సరీలో చూసి మురిసిపోయి రాసుకున్న జాబితాలో సగం కొట్టేశారు. చివరికి నిలిచినవి: రెడ్ యుక్కా, మరుగుజ్జు యోపాన్ హాలీ, ఆటమ్ సేజ్ అనే సాల్వియా, అక్టోబరులో గులాబీ రంగు పొగలా పూసే గల్ఫ్ మూలీ గడ్డి, వెండి రంగు ఆకుల టెక్సస్ సేజ్. చివరిది వానకు ముందూ వెనకా గాలిలో తేమ పెరిగినప్పుడు ఊదాపూలతో నిండిపోతుంది, కానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే బతకదు. అందుకని దాన్ని నేల మట్టానికి పెట్టకుండా, కంకర కలిపిన మట్టితో ఎత్తుగా దిబ్బ కట్టి దాని మీద నాటారు. మూడు టెక్సస్ సేజ్ మొక్కలూ ఈ రోజుకీ నిక్షేపంగా ఉన్నాయి. మా వీధిలోనే మరో ఇంట్లో చదును నేలలో నాటినవి మొదటి వసంతపు వానలకే కుళ్లిపోయాయి.

హెచ్‌ఓఏ, అంటే కాలనీలోని ఇంటి యజమానుల సంఘం, ఇచ్చే అనుమతి గురించి చాలామంది భయపడతారు కాబట్టి ఒక మాట. టెక్సస్ ఆస్తి చట్టంలోని 202.007 సెక్షనుకు 2013లో చేసిన సవరణ ప్రకారం, కరవును తట్టుకునే మొక్కలు వేసుకోకుండా హెచ్‌ఓఏ నిషేధించకూడదు; అయితే ముందుగా ప్లాను అడిగి చూసే హక్కు, రాళ్లు, గులకరాళ్లు, నాగజెముళ్ల వాడకాన్ని నియంత్రించే హక్కు వాళ్లకుంది. సంస్థవాళ్లే మొక్కల పేర్లతో, కొలతలతో ప్లాను గీసి పంపారు. మొదటిసారే అనుమతి వచ్చింది.

నీటి ఏర్పాటులోనూ లోపం లేదు. టెక్సస్‌లో నీటి పైపుల వ్యవస్థ వేసేవాళ్లకు పర్యావరణ కమిషన్ ఇచ్చే లైసెన్సు ఉండాలి; వీళ్లు ఆ లైసెన్సు సంఖ్యను ధర అంచనా పత్రం (కోట్) మీదే రాసి ఇచ్చారు. పాత స్ప్రింక్లర్లను తీసేసి, వడపోత, పీడనం తగ్గించే పరికరం పెట్టి, మొక్కల మళ్లకు డ్రిప్ లైనును విడి జోనుగా, అంటే విడిగా తిప్పుకునే భాగంగా, చేశారు. డ్రిప్పునీ స్ప్రింక్లర్‌నీ ఒకే జోనులో కలిపితే, పచ్చికకు చాలినంతసేపు తిప్పినప్పుడు మొక్కకు గుక్కెడు నీళ్లు కూడా అందవు. మొక్కకు సరిపడా తిప్పితే పచ్చిక చెరువవుతుంది. ఖర్చు తగ్గించడానికి కొందరు ఈ కలపడమే చేస్తారు కాబట్టి కోట్ చదివేటప్పుడు ఈ సంగతి తప్పక చూడాలి.

ఇక పొరపాటు గురించి. మేము ఒప్పందం మీద సంతకం చేసింది సెప్టెంబరులో. వాళ్లు పనికి వచ్చింది 2023 డిసెంబరు మొదటి వారంలో. అప్పటికే మంచు తగిలి బెర్ముడా గడ్డి గోధుమరంగుకు తిరిగింది. దాని మీదే గ్లైఫోసేట్ అనే కలుపుమందు ఒకసారి పిచికారీ చేసి, వారం తరువాత పైపొర గీకేసి, కలుపు రాకుండా నల్లటి వస్త్రం పరిచి, దాని మీద గులకరాళ్లు పోశారు. పనులు జరుగుతున్నప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. నలభై ఏళ్లు మిరప తోట చేసిన మనిషి, గీకిన మట్టిలోంచి ఒక తెల్లటి వేరు పైకి తీసి చూపించి, “ఇది గరికమ్మా. ఎండినట్టు కనపడుతుంది గానీ కింద పచ్చిగానే ఉంది. ఇప్పుడు మందు కొడితే ఏం లాభం?” అన్నారు. ఇక్కడ బెర్ముడా అని పిలిచే గడ్డి, మనం వినాయక చవితికి తెచ్చే గరిక ఒక్కటేనని నాకు ఆ రోజే తెలిసింది. నాన్నగారి మాట పనివాళ్లకు చెప్పాను, వాళ్లు అక్కర్లేదన్నారు, నేనూ నిపుణులకే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను.

నాన్నగారు చెప్పిందే సరైనది. గ్లైఫోసేట్ పచ్చటి ఆకు ద్వారా లోపలికి వెళ్లి, ఎదిగే మొక్కలో రసంతో పాటు వేళ్ల దాకా దిగుతుంది. నిద్రాణంగా ఉన్న గోధుమరంగు గడ్డిలో అది దిగడానికి దారి లేదు. మరుసటి ఏప్రిల్ కల్లా గరిక వస్త్రం అంచుల వెంట పాకి, కుట్ల దగ్గర పైకి పొడుచుకొచ్చి, సాల్వియా పాదుల్లోకి దూరింది. రాళ్ల మధ్య నుంచి దాన్ని లాగితే పైన ఆకే తెగి వస్తుంది, వేరు రాదు. మూలీ కూడా గడ్డి జాతే కాబట్టి, గడ్డిని మాత్రమే చంపే మందు దాని దగ్గర వాడలేం. 2024 వేసవిలో మేము ఆ ముంగిట్లో గడిపిన శనివారాలు, పాత పచ్చిక కోయడానికి వెచ్చించిన సమయం కంటే ఎక్కువ. శ్రమ తగ్గించుకోవడానికి డబ్బు పెట్టి శ్రమ కొనుక్కున్నామే అని చాలా బాధ కలిగింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది సంస్థ సృష్టించింది కాదు. ఉత్తర టెక్సస్‌లో మొక్కలు నాటడానికి మంచి అదును అక్టోబరు, నవంబరు. చలికాలమంతా వేళ్లు దిగి వేసవికి సిద్ధమవుతాయి. గరికను చంపడానికి మంచి అదును మాత్రం అది పచ్చగా, ఉధృతంగా ఎదిగే జూలై, ఆగస్టు. ఈ రెండూ కలవాలంటే వేసవిలోనే మొదలుపెట్టి, పిచికారీ చేసి, మూడు నాలుగు వారాలు ఆగి, మిగిలిన గడ్డికి నీళ్లు పెట్టి మళ్లీ చిగురు రానిచ్చి, రెండోసారి పిచికారీ చేసి, ఆ తరువాతే నాటాలి. ఇంటి ముందు రెండు నెలలు ఎండుగడ్డి కనిపిస్తే యజమానులు ఒప్పుకోరని సంస్థలు భయపడి ఈ మెట్టు దాటేస్తాయి. మాకు ముందే చెప్పి ఉంటే మేము ఒప్పుకునేవాళ్లమే.

వస్త్రమూ గులకరాళ్లూ కూడా నా అనుభవంలో అక్కరకు రాలేదు. రాళ్ల సందుల్లో దుమ్ము చేరి, ఏడాది తిరిగేసరికి వస్త్రం పైనే కలుపు విత్తనాలు మొలిచాయి. లైవ్ ఓక్ చెట్టు వసంతంలో ఆకు రాలుస్తుంది, ఆ చిన్న ఆకులు రాళ్లలో ఇరుక్కుంటే ఏరడం మనిషి తరం కాదు. పడమటి ఎండకు రాళ్లు కాగి, సూర్యుడు కుంగాక కూడా గోడ పక్క సెగ కొట్టేది. 2024 శరదృతువులో మా ఖర్చుతోనే రాళ్లూ వస్త్రమూ తీయించి, మూడంగుళాల మందాన చెక్కపొట్టు (ఇక్కడ మల్చ్ అంటారు) పరిపించాం. దానిలో గరిక వచ్చినా వేరుతో సహా ఊడి వస్తుంది, అది కుళ్లి మట్టికీ బలం ఇస్తుంది. ప్లాస్టిక్ పచ్చిక గురించి అడిగేవాళ్లకు నా సలహా: జూలై మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తరువాత నిర్ణయించుకోండి.

ఫిర్యాదు చేసినప్పుడు సంస్థ మర్యాదగానే స్పందించింది. మొక్కలకు ఏడాది హామీ ఉంది, చచ్చిన రెండు సాల్వియాలను మార్చారు. గరిక మాత్రం హామీలోకి రాదన్నారు. ఒకసారి ఉచితంగా పిచికారీ చేసి వెళ్లారు. ఒప్పందం తిరిగి చదివితే నిజంగానే కలుపు గురించి ఒక్క వాక్యం లేదు. సంతకానికి ముందు నేను అడగవలసింది అదే.

మొత్తం ఖర్చు 11,400 డాలర్లు. రాళ్లు తీయించి పొట్టు వేయించడానికి మరో 1,600. ఈ జూలైలో మేము ఐదు వారాలు ఇండియాలో ఉన్నాం, పక్కింటివాళ్లకు తాళం చెవి ఇవ్వలేదు, ఏమీ చూడమని చెప్పలేదు. తిరిగి వచ్చిన రాత్రి కారు దీపాల వెలుతురులో రెడ్ యుక్కా కాడలు పూలతో నిలబడి ఉన్నాయి. ఒక్క మొక్క వాడలేదు. గత డిసెంబరు నుంచి ఇప్పటిదాకా ఈ ముంగిలి మా చేత చేయించుకున్న పని ఇంతే: ఫిబ్రవరిలో మూలీ, సాల్వియా కత్తిరించడం ఒక శనివారం, పొట్టు పైపూత వేయడం ఇంకో శనివారం, వారానికోసారి పావుగంట గరిక ఏరడం. కరివేపాకు, మల్లె, తులసి వెనక వరండాలో కుండీల్లో ఉన్నాయి, వాటికి శ్రమ తప్పదు, చలికాలం గ్యారేజీలోకి మోయాలి. అది ఇష్టంగా పడే శ్రమ, దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

పెరడు పని కూడా ఆ డిజైనరుకే ఇచ్చాం. ఆమె నేలను చదివే తీరు నాకు ఇంకొకరిలో కనిపించలేదు. ఈసారి ఒప్పందంలో ఈ షరతులు చేర్పించాం: గరిక పచ్చగా ఉండగా రెండుసార్లు పిచికారీ, రెండోదానికి ముందు నీళ్లు పెట్టి చిగురు రప్పించడం, వస్త్రం, రాళ్లు వాడకపోవడం. మొదటి పిచికారీ ఆగస్టు రెండో వారంలో అయింది. ఎండిన గడ్డికి నిన్నటి నుంచి నీళ్లు పెడుతున్నాం. కంచె వారన నాలుగైదు చోట్ల పచ్చటి చిగురు కనిపిస్తోంది, రెండో పిచికారీ వచ్చే గురువారం.