చలిలో ఆరుబయట పని: మందపాటి కోటు ఒక్కటి మేలా, పొరలుగా బట్టలు మేలా?

చలిలో నిలబడే మనిషికీ, చలిలో ఒళ్లు వంచి పనిచేసే మనిషికీ పనికొచ్చే బట్టలు వేరు. కాపలా ఉండేవాళ్ల ఒంట్లో పెద్దగా వేడి పుట్టదు, ఉన్న వేడి పోకుండా చూసుకుంటే చాలు. మట్టి తవ్వేవాళ్లకూ, బరువులు మోసేవాళ్లకూ కాసేపట్లోనే చెమట పడుతుంది. చేయి ఆపగానే అసలు చలి అప్పుడు మొదలవుతుంది. నీటికి వేడిని లాగే గుణం గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. కాబట్టి ఏ బట్ట కొనే ముందైనా, అది తడిస్తే ఏమవుతుందో ఆలోచించాలి.

మందపాటి కోటుతో వచ్చే చిక్కు ఇదే. వేసుకుంటే ఉక్క, విప్పితే వణుకు, మధ్యస్థం లేదు. అదే మందాన్ని మూడు పొరలుగా పంచుకుంటే పని జోరును బట్టి ఒకటి తీయొచ్చు, మళ్లీ వేసుకోవచ్చు. పొరల మధ్య నిలిచే గాలి కూడా వేడిని పోనివ్వదు. ఎక్కువ కదలిక లేని పనికైతే కోటు తప్పు కాదు. మిగతా అందరికీ పొరలే మేలని నా గట్టి నమ్మకం. పని మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించేలా ఉండాలి. అప్పటికే వెచ్చగా ఉంటే చెమట తప్పదు.

అసలు తేడా ఒంటికి అంటుకునే లోపలి పొరలో ఉంటుంది. చాలామంది అలవాటుగా నూలు బనియన్ వేసుకుంటారు. ఎండాకాలం దాన్ని మించింది లేదు. చలిలో మాత్రం అది చెమటంతా పీల్చుకుని, ఆరకుండా, తడిగుడ్డలా ఒంటికి అతుక్కుంటుంది. దానికి బదులు పాలిస్టర్ మేలా, ఉన్ని మేలా? పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు, తొందరగా ఆరుతుంది, ధర తక్కువ, ఉతకడం తేలిక. ఒకటే ఇబ్బంది, ఒక్క పూటకే వాసన పట్టేస్తుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా చర్మానికి తడి అంతగా తెలియనివ్వదు, వెచ్చదనం చాలావరకు నిలుపుతుంది. ఆరడం ఆలస్యం, ఖరీదూ ఎక్కువే. గరుకుగా ఉంటుందని భయపడేవాళ్లు మెరినో రకం చూడొచ్చు, మెత్తగా ఉంటుంది.

రోజంతా ఆపి ఆపి చేసే పనికి నా ఓటు ఉన్నికే. వెల్డింగ్, గ్రైండింగ్ చేసేవాళ్లకైతే ఇందులో రెండో మాటే లేదు. నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఉన్నికి అంత తేలిగ్గా నిప్పు అంటుకోదు, అది కరగదు. ఈ ఒక్క విషయంలో దయచేసి డబ్బుకు చూసుకోవద్దు.

పై పొర పని గాలిని ఆపడం. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. అలాంటప్పుడు ఇంకో స్వెటర్ కంటే గాలి చొరని పల్చని జాకెట్ ఎక్కువ ఆదుకుంటుంది. మధ్య పొరకు ఈకలు నింపినది తేలికే, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. చెమట పట్టే పనికి ఫ్లీస్ (మెత్తని నూగుతో ఉండే పాలిస్టర్ బట్ట) చాలు.

చేతుల దగ్గర రాజీ తప్పదు. నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే గ్లౌజులు వెచ్చన, కానీ వాటితో బోల్టు తిప్పలేం. లోపల పల్చని వేళ్ల గ్లౌజులు, పైన ఆ పెద్దవి వేసుకుని, అవసరమైనప్పుడు పైవి తీయడం బాగుంటుంది. పాదాలకు రెండు జతల సాక్సులు బిగించడం కంటే ఒక మందపాటి జత, వేళ్లు కదిలేంత వదులు బూటు మేలు. బిగిస్తే రక్తం సరిగా ఆడదు.

బ్యాటరీతో వేడెక్కే జాకెట్లు కదలకుండా కూర్చునే పనులకు బాగానే ఉంటాయి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు.

పక్కన పనిచేసేవాళ్లు ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, చేతిలో పనిముట్టు జారిపోతున్నా ఏ బట్ట మేలన్న చర్చ అక్కడితో ఆపేయండి. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే దిగితే ప్రాణాపాయమే. వాళ్లను లోపలికి తీసుకెళ్లి, ముందు తడిబట్టలు విప్పించి, పొడి దుప్పటి కప్పి, వైద్యసాయం పిలవండి.