స్టాన్‌ఫర్డ్ పియానో రోల్ ఆర్కైవ్: ఏది నమ్మాలి, ఎంత నమ్మాలి

జర్మన్ పియానిస్టు కార్ల్ రైనెకే 1905లో వెల్టే-మిన్యోన్ (చిల్లుల కాగితపు చుట్టను, అంటే రోల్‌ను, చదివి గాలి ఒత్తిడితో తనంతట తానే మోగే పియానో) కోసం వాయించే నాటికి ఎనభై ఏళ్లవాడు. పేరున్న పియానో గురువు లెషెటిట్స్కీ ఆ మరుసటేడు వాయించాడు. ఇద్దరూ గ్రామఫోన్ రికార్డులు ఇవ్వలేదు. వాళ్ల వాయింపు వినాలంటే చిల్లుల కాగితమే దిక్కు. ఆ తరం రోళ్లను స్కాన్ చేసి ఉచితంగా వినిపించే చోట్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి పియానో రోల్ ఆర్కైవ్ 'సుప్రా' ముందుంటుంది. సిడ్నీకి చెందిన డెనిస్ కాండన్ సేకరణ 2014లో అక్కడికి చేరాక మొదలైన పని ఇది.

ప్రతి రోల్‌కూ స్కాన్ చేసిన బొమ్మ ఉంటుంది, మిడి ఫైళ్లు (ఏ స్వరం ఎప్పుడు, ఎంత బలంతో మోగాలో కంప్యూటర్‌కు చెప్పేవి) రెండు రకాలు ఉంటాయి. 'రా' ఫైల్‌లో స్వరాలన్నీ ఒకే బలంతో మోగుతాయి. అది విని పియానిస్టును బండ అనకండి. వినాల్సింది 'ఎక్స్‌ప్రెషన్' ఫైల్. వెల్టే ఎర్ర కాగితపు రోల్‌లో అడ్డంగా 100 చిల్లుల స్థానాలుంటే, 80 స్వరాలవి, మిగతావి పెడల్, బలం వగైరాలకు. ఆ నియంత్రణ చిల్లులను లెక్కగట్టి ఈ ఫైల్ తయారుచేశారు.

చిక్కంతా ఆ లెక్కలోనే. మధ్య సి పైనున్న ఎఫ్ షార్ప్ దగ్గర వెల్టే కీబోర్డును రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కలో ఒకేసారి మోగేవాటన్నిటికీ ఒకే గాలి ఒత్తిడి. రాగం, తోడు స్వరాలు ఒకే సగంలో పడితే రాగాన్ని పైకి తేవడానికి దాన్ని కాస్త ముందో వెనకో కొట్టించాల్సిందే. పెడల్‌కూ వేయడం, తీయడం మాత్రమే. సగం తొక్కడం లేదు. పైగా తప్పు స్వరాలను కంపెనీ ఎడిటర్లు దిద్దేవారు. కాబట్టి శుభ్రత చూసి మురిసిపోవద్దు. నమ్మదగ్గది కాలం: ఎడమచెయ్యి కుడికంటే ముందు పడటం, కలిపి కొట్టాల్సిన స్వరాలను ఒకదాని వెంట ఒకటి మీటినట్టు పరచడం. ఇవి చిల్లుల స్థానాల్లోనే కనిపిస్తాయి.

వేగం విషయంలో సుప్రా మంచి పని చేసింది. కాగితం చుట్టుకునేకొద్దీ ఉండ లావై, రోల్ చివరికి జోరందుకుంటుంది. బొమ్మను ఒకే వేగంతో చదివే మామూలు ప్రోగ్రామ్‌లో అదే రోల్ నీరసంగా ముగుస్తుంది. ఇక్కడ ఆ త్వరణాన్ని కలిపారు.

ఎక్కడైనా పక్కస్వరం అపస్వరంలా తగిలితే బొమ్మ తెరిచి కాగితం అంచు చూడండి. అంచు చిరిగినా, కాగితం పక్కకు జరిగినా చిల్లు పొరుగు గడిలోకి పోయి ఉండొచ్చు. బ్రౌజర్‌లో వినాలంటే అదే స్టాన్‌ఫర్డ్ వారి 'పియానోలాట్రాన్' చాలు, కానీ అందులో మోగేది రికార్డు చేసిన పియానో నమూనాలు. ఇంట్లో మిడి ఉన్న డిజిటల్ పియానో ఉంటే ఫైల్ దించుకుని దాని మీదే వినండి.