ముందు పాఠమా, ముందు పోరాటమా?

పలాసలో మా ఆదివారం చదువుల బృందానికి కొత్తగా ఎవరొచ్చినా అడిగేది ఇదే: జనానికి ముందు అన్నీ చెప్పి పోరాటంలోకి దించాలా, దిగాక వాళ్లే నేర్చుకుంటారా? ఒకసారి రాసి పెడితే ఓ పనైపోతుంది.

కార్మికులు తమంతట తాము యూనియన్ దాకానే వస్తారని, రాజకీయ చైతన్యం బయటి నుంచి అందాల్సిందేనని 1902లో లెనిన్ అన్నాడు. తీసిపారేసే మాట కాదు. కూలి బేరంలో యజమాని కనిపిస్తాడు గానీ, అతని వెనకున్న రాజ్యం కనిపించదు.

జర్మనీలో పనిచేసిన సోషలిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్ 1906లో దీన్ని తిరగేసింది: సంఘం కట్టాకే సమ్మె అనుకోవద్దు, సమ్మెలోంచే సంఘం పుడుతుంది. సోవియట్‌నే, అంటే కార్మిక ప్రతినిధుల సభనే చూడండి. 1905లో రష్యాలోని ఇవనోవో జౌళి కార్మికులు సమ్మె నడపడానికి ప్రతినిధులను ఎన్నుకున్నారు, అంతే. పీటర్స్‌బర్గ్‌లో లెనిన్ పక్షం బోల్షివిక్కులు మొదట అక్కడి సోవియట్‌ను అనుమానంగానే చూశారు.

నేను రోజా వైపే. ఎందుకంటే జనానికి చాలాసార్లు తక్కువయ్యేది తెలివి కాదు, ‘మనవల్ల అవుతుంది’ అన్న ధీమా. జీడిపిక్కలు కొట్టే ఒకావిడ అదనపు విలువ మీద, అంటే కూలికి మించి కార్మికుడు సృష్టించి యజమానికి పోయే విలువ మీద, గంటసేపు నా క్లాసు విని, ‘‘ఇది మాకు తెల్సిందే గదా బాబూ. అడిగితే రేపట్నుంచి రావద్దంటాడు, దానికేటి సేస్తాం?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ధీమాకు అన్నిటికన్నా గట్టి పునాది స్వయంగా చేసి గెలవడమేనని, మాటలతో ఒప్పించడం దాని తర్వాతేనని మనస్తత్వ శాస్త్రవేత్త బందూరా 1977లో చెప్పాడు.

పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన సంఘం నడిచిందీ అలాగే. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే, అంటే బయటివాళ్లే. అయినా పాలేర్ల కూలి, షావుకార్ల చేతికి పోయిన భూములు లాంటి గెలవగలిగే తగాదాలతో కదిలారు.

రోజా వైపూ చిక్కుంది. ఓటమీ నేర్పుతుంది. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు తర్వాత దారి తెరిచినా కదల్లేదని మరో మనస్తత్వ శాస్త్రవేత్త సెలిగ్‌మన్ 1967లో చూపించాడు. 1970 జూలైలో సత్యం, కైలాసం పోలీసుల చేతిలో చనిపోయాక కొండ మీద ఏం మిగిలిందో మన పెద్దవాళ్లను అడగండి.



ఆ జీడిపిక్కలు కొట్టే ఆవిడ, తోటివాళ్లు ఇప్పుడు తూకం తమ కళ్లముందే వెయ్యమంటున్నారు. ఈ వారం కాటా బయట వరండాలోకి వచ్చింది. రేటు సంగతి ఇంకా ఎత్తలేదు.