ఒగ్గు కథలు రికార్డు చేసేవాళ్ళకు సోనీ ఐసీడీ-పీఎక్స్470 పనికొస్తుందా?

రికార్డర్ కొనేముందు అందరూ మైక్ ఎట్లా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అనే అడుగుతారు. నన్నడిగితే మాత్రం అందులో పడిన గొంతు ఎంత తేలిగ్గా కంప్యూటర్‌లోకి వస్తుందో ముందు చూసుకోవాలి. నేను ఐనవోలు, కొమురవెల్లి జాతర్లలో, చుట్టుపక్కల ఊళ్ళలో పట్నాలు (దేవుడి ముందు రంగుల పొడులతో వేసే ముగ్గులు) వేసేటప్పుడు ఒగ్గు కథలు, అంటే డోలు దరువుతో పాడుతూ చెప్పే దేవుళ్ళ కథలు, రికార్డు చేస్తుంటాను. మల్లన్న కథ గానీ బీరప్ప కథ గానీ రాత్రి ఎత్తుకుంటే తెల్లారే దాకా నడుస్తుంది. అదే ఒగ్గు పూజారి వచ్చే ఏడు అదే కథ చెప్పినా ఆ మాట, ఆ విరుపు మళ్ళీ అట్లాగే రావు. చుక్క సత్తయ్యగారంతటి ఒగ్గు కథ కళాకారుడు 2017లో కన్నుమూశారు, ఆ తరం వాళ్ళు ఇంకెందరున్నారు చెప్పండి? అందుకే ఫైల్ పోతుందేమో అన్న టెన్షన్ నాకు ఎప్పుడూ ఉంటుంది, ఆ టెన్షన్‌ను చాలావరకు తగ్గించింది ఈ చిన్న సోనీ రికార్డర్.

దీనికి వేరే కేబుల్ అక్కర్లేదు. మీట జరిపితే యూఎస్‌బీ మొన బయటికొస్తుంది, దాన్ని నేరుగా లాప్‌టాప్‌కు పెడితే పెన్ డ్రైవ్ లాగే ఒక డ్రైవ్ కనిపిస్తుంది. మెమరీ కార్డు వేసి ఉంటే అది ఇంకో డ్రైవ్‌గా విడిగా కనిపిస్తుంది, కాబట్టి ఒకదాంట్లో ఫైళ్ళు లేవని కంగారు పడకుండా రెండోది కూడా తెరిచి చూడండి. లోపల రెక్_ఫైల్ అనే ఫోల్డర్, అందులో ఫోల్డర్01, అందులో మీ రికార్డింగులు. ఫైల్ పేరే తేదీ, టైము: ముందు ఏడాది, నెల, తేదీ, గీత తర్వాత గంట, నిమిషం. ఒకే రాత్రి మూడు నాలుగు ముక్కలుగా రికార్డు చేసినా ఏది ముందో ఏది వెనకో పేరు చూస్తే తెలిసిపోతుంది. దానికి గడియారం సరిగ్గా పెట్టుకుని ఉండాలి, జాతరకు బయల్దేరే ముందు నేను తప్పకుండా చూసేది అదే.

సోనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఒకటుంది గానీ కాపీ చేసుకోవడానికి అది అవసరమే లేదు, నాకు బాగా నచ్చింది ఇదే. పాత రోజుల్లో కొన్ని సోనీ రికార్డర్లు డీవీఎఫ్ అనే రకం ఫైళ్ళు, ఒలింపస్‌వి కొన్ని డీఎస్ఎస్ ఫైళ్ళు ఇచ్చేవి, వాటికి వాళ్ళ సాఫ్ట్‌వేరే కావాలి. ఇంట్లో అట్లాంటి పాత రికార్డర్ ఉంటే, అందులో తాతదో నాయనమ్మదో గొంతు ఉంటే, ఇవాళే బయటికి తీసి వావ్‌గా (గొంతును కుదించకుండా దాచే ఫైల్ రకం) మార్చి పెట్టుకోండి. పీఎక్స్470 ఇచ్చేవి మామూలు వావ్, ఎంపీ3 ఫైళ్ళే, ఎక్కడైనా తెరుచుకుంటాయి.

ఏ రకంలో రికార్డు చేయాలి? కథ అయితే వావ్‌లోనే. స్టీరియో వావ్ గంటకు సుమారు 635 ఎంబీ తింటుంది, 192 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 86 ఎంబీ. లోపలున్న 4 జీబీలో వావ్ ఐదు గంటలకు కాస్త పైగా పడుతుంది, రాత్రంతా సాగే కథకు అది చాలదు, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు వేసుకోండి. మైక్ సెన్సిటివిటీ తగ్గించి పెట్టడం మరవద్దు. డోలు దరువు జోరందుకున్నప్పుడు దగ్గర్లో కూర్చుంటే శబ్దం పగిలిపోతుంది. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే దరువు పడిన చోటల్లా గీతలు పైన కోసేసినట్టు చదునుగా కనిపిస్తాయి, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. నేను డోళ్ళకు దూరంగా, కథకుడికి ఎదురుగా కూర్చుంటాను. అట్లా అయితే కథకుడి గొంతూ, వంత పాడేవాళ్ళ "ఆఁ" కూడా విడివిడిగా వినిపిస్తాయి.

కాపీ చేసేటప్పుడు కట్-పేస్ట్ జోలికి పోవద్దు, కాపీయే చేయండి. మధ్యలో మొన కదిలినా అసలు ఫైల్ రికార్డర్‌లో భద్రంగా ఉంటుంది. అయ్యాక లాప్‌టాప్‌లో ఫైల్ తెరిచి చివరి ఐదు నిమిషాలు వినండి, అంతసేపూ గొంతు ఉంటే కాపీ చివరిదాకా వచ్చినట్టే. ఎజెక్ట్ కొట్టాకే పీకాలి. ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కూడా ఎక్కించాకే రికార్డర్‌లోంచి తీసేయండి. మ్యాక్ వాడేవాళ్ళు ఫైల్ డిలీట్ చేశాక, రికార్డర్ పెట్టి ఉండగానే ట్రాష్ ఖాళీ చేయాలి, లేకపోతే ఆ జాగా నిండినట్టే ఉంటుంది.

కథ అయిపోయాక పెద్దాయన "బిడ్డా, మా మనవడి ఫోన్లకు ఇది పంపరాదూ" అని అడుగుతారు. ఇవ్వడం మన బాధ్యత, అది వాళ్ళ కథ. ఆడాసిటీలోంచి ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే వెళ్ళిపోతుంది, 2 జీబీ దాకా పడుతుంది.

ఇక పరిమితులు. మొన పాత తరహా పెద్ద యూఎస్‌బీది, కొత్త లాప్‌టాప్‌లో టైప్-సీ మాత్రమే ఉంటే చిన్న అడాప్టర్ కొనాలి. రిమోట్‌లో వేసే సన్న సెల్లులు రెండు పడతాయి, నాకైతే అదే మేలు, ఏ పల్లె కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. పాట, వాయిద్యం ఇంకా నాణ్యంగా కావాలంటే జూమ్ హెచ్1ఎన్ అనే రికార్డర్ చూడండి, దానికి మైక్రో యూఎస్‌బీ కేబుల్ కావాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తించదు, డేటా కేబుల్ అని అడిగి తెచ్చుకోండి. పీఎక్స్470 సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే షాపులోనే మొన బయటికి తీసి లాప్‌టాప్‌కు పెట్టి, ఒక నిమిషం రికార్డు చేసి కాపీ చేసి, విన్నాకే డబ్బులివ్వండి.