గూఢచారికి ఫేస్‌బుక్ అకౌంట్ ఉండాలా, వద్దా?

అసలు అకౌంటే లేకపోతే టెన్షనే లేదు కదా అనిపిస్తుంది. 2020లో భారత సైన్యం ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లు తీసేయమన్నది సమాచారం బయటికి పోతుందన్న భయంతోనే. కానీ సైనికుడికి నప్పింది గూఢచారికి నప్పదు. దౌత్యవేత్త వేషంలో దిగిన ముప్పై ఏళ్ల మనిషికి నెట్‌లో ఒక్క పెళ్లి ఫొటో కూడా లేకపోతే, ఆ ఖాళీయే అనుమానం. పైగా మనం తలుపు మూసినా ఇంట్లోవాళ్లు మూయరు: 2009లో బ్రిటన్ విదేశీ గూఢచార సంస్థ ఎంఐ6 అధిపతిగా ఎంపికైన జాన్ సావర్స్ కుటుంబ ఫొటోలు, ఇంటి వివరాలు ఆయన భార్య ఫేస్‌బుక్‌లోనే దొరికాయి!

మామూలు మనిషిలా అకౌంట్ నడపడమూ తేలిక కాదు. ఏళ్ల తరబడి పోషించాలి, స్నేహితుల జాబితా చెప్పుకున్న కథకు అతకాలి. 2018లో, పరుగు దారులను నమోదు చేసే స్ట్రావా యాప్ మ్యాప్‌లో సైనికుల జాగింగ్ దారులే విదేశీ స్థావరాలను పట్టించాయి. అయినా నా ఓటు అకౌంట్ ఉండటానికే, లొకేషన్ ఆపేసి.